గోతిలో పేపరాకు

దసరా వెళ్ళి క్రిస్మస్ వచ్చేలోపు అరకులో చలి ముదురుతుంది. ఆ ఏడాది ఊరందరికీ చలి, నాకొక్కడికే మంట. ఎక్కడంటే, కడుపులో. మా హైస్కూలు ల్యాబులో బన్సెన్ బర్నరు ఒకటుంది, అది ఎన్నడూ వెలగదు. నా కడుపులో వెలిగింది బర్నబా బర్నరు.

బర్నబా సారంటే కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారు. ముంచంగిపుట్టు అవతల కొండమీద ఊరు వాళ్ళది. ముప్పై దాటని మనిషి. పక్కనున్న వాడికి కూడా సగమే వినపడేలా మాట్లాడతాడు. నేనేమో రైల్వేస్టేషన్ రోడ్డులో రమణ టిఫిన్స్ పెట్టి, కిరండూల్ బండి దిగిన జనాన్ని గొంతుతోనే లాక్కొచ్చి బెంచీమీద కూలేసే మనిషిని. "రండి బాబూ, మా ఉప్మాకి ఉపమానం లేదు! అట్టే కూర్చోండి, అట్టు వచ్చేస్తంది! పూరీ తింటే ఆకలి పూర్తి!" పేరు రమణమూర్తి గానీ ఊళ్ళో నన్ను మైకు మూర్తి అంటారు. ఇంతవరకూ మైకు పట్టుకున్న పాపాన పోలేదు.

ఇన్నేళ్ళూ నా మాటలకి ముందు నవ్వింది నా కూతురు, మా గుంట పావని. పెనం దగ్గర నేను మాట విసరడం, చట్నీ గిన్నె దగ్గర అది కిసుక్కుమనడం, దాన్ని చూసి బెంచీలమీది బేరాలన్నీ నవ్వడం. హోటలు నడిచేది సగం గ్యాసు మీద, సగం దాని నవ్వు మీద. తొమ్మిదో తరగతిలోకి వచ్చింది, బర్నబా సారు వచ్చాడు, ఆ రెండో సిలిండరు ఖాళీ అయిపోయింది.

మొదటి దెబ్బ ఒక ఆదివారం పొద్దున్న తగిలింది. హోటలు నిండా టూరిస్టులు.

"ఇయ్యాళ ఇడ్లీ దూదండీ దూది! ఎగిరిపోకుండా చట్నీ బరువెట్టాం!" అన్నాను.

"ఎలా తెలిసింది నాన్నా?" అంది పావని.

"ఏటి?"

"దూదంత మెత్తగా ఉన్నాదని. దేనితో పోల్చి చూసేవు? నిన్నటి ఇడ్లీతోనా, మొన్నటి దాంతోనా?"

విజయనగరం నుంచి వచ్చిన ఒకాయన సాంబారు పొలమారేలా నవ్వాడు. నా హోటల్లో, నా ఇడ్లీ మీద, నాది కాని మాటకి!

"ఎవులు నేర్పేరే నీకీ ఎదురుమాటలు?"

"ఎదురుమాట కాదు నాన్నా. ఎవరేం చెప్పినా ఎలా తెలిసిందని అడగమన్నారు బర్నబా సారు. ఆయన చెప్పినా సరే అడగాలట."

దీపావళి నాటికి ఈ జబ్బు హైస్కూలు మొత్తానికి అంటుకుంది. జీపు డ్రైవరొకడు టూరిస్టులకి "ఈ కొండగాలి పీలిస్తే సుగరు దిగిపోద్ది" అని చెబుతుంటే, పక్కనుంచి వెళ్తున్న ఎనిమిదో తరగతి పిల్ల ఆగి "ఎలా తెలిసిందండీ?" అని అడిగిందట. వాడు ఆ రోజంతా గాలి పీల్చుకుంటూ కూర్చున్నాడు. చివరికి మా ఆవిడ అప్పలనరసమ్మ కూడా. నేను భోజనానికి కూర్చుని "సేతులు కడుక్కున్నాను" అంటే, "ఎలా తెలుసును? సబ్బు తడవనే లేదు" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆవిడ నా మాట వదిలి సబ్బు మాట నమ్మడం అదే మొదలు.

ఈ సారు మా ఇంటికి ఇంకా రాలేదు. అయినా మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఉండేది ఆయనే.

ఇంతలో బడి నుంచి కబురొచ్చింది. ఇంట్లో వాడి పారేసే వస్తువు ఏదో ఒకటి తెచ్చి, బడి వెనక సిల్వరోకు చెట్ల పక్కన గోతుల్లో పాతిపెట్టాలట. ఏది మట్టిలో కలుస్తుందో, ఏది కలవదో ముందే చెప్పాలట. క్రిస్మస్ సెలవులకి ముందు సైన్సు సంబరం పెట్టి, అందరి ముందూ తవ్వి చూస్తారట. పాతే రోజుకి తల్లిదండ్రులు కూడా రావచ్చని పావని చెప్పింది. 'రావచ్చు' అంది, 'రా నాన్నా' అనలేదు. అందుకే వెళ్ళాను.

పిల్లలు గోతుల చుట్టూ మూగి ఉన్నారు. ఒకరు అరటితొక్క తెచ్చారు, ఒకరు షాంపూ పేకెట్టు, ఒకరు చిరిగిన పాత జేబురుమాలు. మోసెస్ అనే కుర్రాడు వాళ్ళమ్మ పుల్లలతో కుట్టిన అడ్డాకు ఇస్తరి తెచ్చాడు. పావని చేతిలో మా హోటలు పేపరాకు ఉంది. చూసే ఉంటారు, స్టీలు కంచంలో పరిచి దానిమీద టిఫిను పెడతాం. అరిటాకు బొమ్మ అచ్చేసి, ఈనెల్తో సహా పచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఎస్.కోట నుంచి పైడయ్య అనే ఏజెంటు తెచ్చిస్తాడు. తిన్నాక తీసి పారేస్తే కంచం కడిగే పని ఉండదు.

"ఇది పేపరు సారూ. పేపరన్నాక నానిపోద్ది. మా పైడయ్య చెప్పేడు," అన్నాను, అందరికీ వినపడేలా.

"సరే, మూర్తిగారి మాట: కలిసిపోతుంది," అన్నాడు సారు నెమ్మదిగా. "నా మాట కూడా చెప్పేస్తాను. అడ్డాకు క్రిస్మస్‌కి ఆనవాలు లేకుండా పోతుంది. మీ ఆకు మీద నాకు అనుమానం. చూద్దాం."

పిల్లలంతా అటు చూశారు, ఇటు చూశారు. పావని అటు చూసింది, అటే చూసింది.

అప్పుడే తెలిసింది నాకు ఆ గోతిలో ఏం పాతుతున్నామో. నా ఆకు మట్టిలో కలిస్తే మా గుంట మళ్ళీ నా వైపు తిరుగుతుంది. కలవకపోతే, మా ఇంట్లో నా మాట కలిసిపోతుంది మట్టిలో. వాళ్ళకది ప్రయోగం. నాకది వియోగం.

ఆ వారంలోనే సారు మొదటిసారి హోటలుకొచ్చాడు. చేతిలో సొంత స్టీలు డబ్బా. "నేరుగా ఇందులో వేసెయ్యండి, మీ ఆకు దండగ," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఆవిడ మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి బయటికొచ్చింది. బేరం ఎంత పెద్దదైనా వంటింటి గడప దాటని మనిషి!

"మా పావని సారా మీరు? కూర్చోండి బాబూ. డబ్బాలో అట్టేటి, సల్లారిపోద్ది. ఏడేడిగా తినండి."

వేసింది పెసరట్టు. అల్లం దండిగా, ఉల్లిపాయ సన్నగా, నెయ్యి ధారగా. అలాంటి పెసరట్టు నాకు మా ఇంట్లో పుట్టినరోజుకి కూడా దొరకలేదు.

"సారూ, అదృష్టవంతులు. మా ఆవిడ పెసరట్టు అందరికీ పెట్టదు. నాకైతే అట్టు లేదు, తిట్టే!" అన్నాను.

ఆయన నవ్వలేదు. తినడం ఆపి, నా మాటని మనసులో రెండుసార్లు తిప్పి చూసుకుని, అర్థమయ్యాక తల ఊపాడు. నవ్వనివాడి మీద కోపం రాదు నాకు. నా చతురోక్తిని పాఠంలా అర్థం చేసుకునేవాణ్ణి ఏం చెయ్యాలి?

"ఎంత నెమ్మదస్తుడండీ," అంది మా ఆవిడ, ఆయన వెళ్ళాక. "తినేటప్పుడు కూడా సప్పుడు లేదు."

"చేపలు కూడా అంతే. ఓ చేపని పెంచుకుందాం," అన్నాను.

"మీకేటయిందండీ ఈ మధ్య? ముఖం మాడిన అట్టులా ఉంటంది."

మాడింది అట్టే. మాడ్చిన వాడు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ మంటలోంచే నాకు ఆలోచన పుట్టింది. మా పెరట్లో గ్రైండరు కడిగిన నీళ్ళు పారబోసే మూల ఒకటుంది. పులిసిన పిండినీళ్ళు రోజూ పడి, అక్కడ అట్టపెట్టె గానీ గోనెసంచి గానీ నిలవదు, మెత్తగా చివికిపోతుంది. హోటలువాడి సైన్సు హోటలువాడిది! మర్నాటి నుంచి సాయంత్రాలు స్కూటరు ముందు బకెట్టు పెట్టుకుని బడి వెనక్కి వెళ్ళడం, నా గోతిలో కుమ్మరించి రావడం. దొంగతనమేం కాదు. వాలీబాలు ఆడే పిల్లలు చూస్తూనే ఉన్నారు. నా గొయ్యి, నా పిండి. పొయ్యకూడదని ఎవరూ అనలేదు.

నాలుగైదు రోజులకి బర్నబా సారు ఎదురయ్యాడు.

"అదేంటి మూర్తిగారూ?"

"ఆకలేస్తందేమోనని మా గోతికి టిఫినెట్టాను సారూ."

ఆయన మోకాళ్ళమీద కూర్చుని మట్టి తీసి వాసన చూశాడు. పావని పరిగెత్తుకొచ్చింది. దాని ముఖం ఎర్రగా కందిపోయింది.

"నాన్నా! ఏటి సేత్తన్నావు! ఇప్పుడు మన గొయ్యి మిగతావాటితో ఎలాగ పోల్చడం?"

"ఉండు పావనీ," అన్నాడు సారు. "పులిసిన పిండినీళ్ళా మూర్తిగారూ? దీంతో తొందరగా చివుకుతాయని ఎలా తెలిసింది?"

"రోజూ మా పెరట్లో సూస్తన్నాను, తెలీదేటి?"

ఆయన కళ్ళు వెలిగాయి. తిడతాడనుకున్నాను. గోతిని రద్దు చేస్తాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! వెంటనే పిల్లలచేత ఇంకో వరస గోతులు తవ్వించాడు. మొదటి వరసలో పాతినవే మళ్ళీ ఇందులోనూ. ఒక వరసకి మామూలు నీళ్ళు, రెండో వరసకి పిండినీళ్ళు. నా గొయ్యి పిండి వరసకి పెద్దన్న. నీళ్ళ వరసలో కొత్త పేపరాకు ఒకటి.

"మూర్తిగారి వల్ల మన ప్రయోగానికి రెక్క మొలిచింది," అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తొండి చేద్దామని బకెట్టు తెస్తే దాన్ని పాఠం చేసేశాడు మహానుభావుడు!

అక్కణ్ణుంచి రోజూ సాయంత్రం అయ్యేసరికి పావని హాజరు. "నాన్నా, బకెట్టు బేగి నింపు, సారు చూస్తంటారు." నేను నింపేవాణ్ణి. నా గ్రైండరు, నా పిండి, నా బకెట్టు, నా కూతురు. కీర్తి మాత్రం బర్నబాది.

సంబరానికి ముందురోజు మా ఆవిడ వంటింట్లోంచి ఒక పేపరాకు పట్టుకొచ్చింది. చినిగిన మూల పట్టుకుని రెండువైపులా లాగింది. కాగితం పొర విడిపోయింది. దానిమీది నిగనిగ మాత్రం చినగలేదు. సాగింది, ఇంకా సాగింది.

"కాగితమైతే సిరుగుతాది. ఇది పలాస్టిక్కులా సాగుతాందేటండీ?"

నేను ఆ ముక్క లాక్కుని జేబులో కుక్కేశాను.

పావని బడి నుంచి వచ్చాక దాన్ని పెరట్లోకి పిలిచాను. "అమ్మా, రేపు అందులోంచి ఏదైనా తేడాది వచ్చిందనుకో. హోటలు పేరెందుకు? 'ఒక హోటలు ఆకు' అని సెప్పు, సాలు."

"ఏం వస్తాదో ఇంకా తెలీదు కదా నాన్నా."

"వస్తే?"

"వస్తే వచ్చిందని చెప్తాను."

"అంటే నీకు మీ సారే ముఖ్యం. ఈ హోటలు పెట్టిన తిండి కాదు."

నా నోట్లోంచి ఎప్పుడూ అంత చప్పటి మాట రాలేదు. ఉప్పు లేదు, పులుపు లేదు. పావని, "సారుకోసం చెప్పే మాట కాదు నాన్నా. ఆ ఆకుమీద వేడి సాంబారు పోసేది నా చేత్తోనే," అని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు బడి గ్రౌండంతా తిరనాళ్ళలా ఉంది. చుట్టుపక్కల బడుల పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, దారినపోయే టూరిస్టులు. ఒక బల్లమీద సోడా పొంగించే అగ్నిపర్వతం, ఇంకో బల్లమీద అట్టముక్కల రాకెట్టు, ఆకాశంలో ఎవరిదో డ్రోను. జనమంతా అటే. బడి వెనక గోతుల దగ్గర బర్నబా సారు నిలబడి "రండి, ఇక్కడ..." అంటున్నాడు. ఆ గొంతుకి పక్కనున్న సిల్వరోకు ఆకు కూడా కదల్లేదు. నేను, మా ఆవిడ, మోసెస్ వాళ్ళమ్మ, ఒక మేక. అంతే ప్రేక్షకులు.

నిజం చెప్పాలంటే నా గుండె తేలికపడింది. ఎవరూ రాకపోతే ఎవరూ చూడరు. ఎవరూ చూడకపోతే ఏదీ జరగనట్టే.

పావని సారువైపు చూసింది. గోతుల ముందున్న ఖాళీవైపు చూసింది. పిండిబకెట్టు బోర్లించి దానిమీదకెక్కింది.

"రండి బాబూ రండి! అట్టు తిన్నారు, ఆకు పారేశారు, అట్టే మర్చిపోయారు! ఆకు మిమ్మల్ని మర్చిపోయిందో లేదో చూసి పొండి! అగ్నిపర్వతం మంట ఐదు నిమిషాలు, మా పెంట రెండు నెలలు! ఆ మంట ఆరిపోద్ది, ఈ పెంట సంగతేటి? చూడ్డం ఉచితం, ముక్కు మూసుకోడం మీ ఇష్టం!"

అగ్నిపర్వతం దగ్గర తలలు తిరిగాయి. తలల వెనక కాళ్ళు తిరిగాయి. చూస్తుండగా గోతుల చుట్టూ జనం. అరకు కొండలకి తగిలి తిరిగొచ్చే ఆ గొంతు ఎక్కడిదో మా ఆవిడకి తెలుసు. నావైపు చూసి మోచేత్తో పొడిచింది.

ముందు మామూలు నీళ్ళ వరస తవ్వారు. అరటితొక్క లేదు. పేపరాకు నానిందే గానీ ఇంకా ఆకులాగే ఉంది. అడ్డాకు ఉంది, ఈనెలతో జల్లెడలా. బర్నబా సారు ముందుకొచ్చి, "ఆనవాలు లేకుండా పోతుందన్నాను. పోలేదు. నేను చెప్పింది తప్పు," అన్నాడు. నాకు పండగలా అనిపించింది. ఇంతలో పిల్లలు ఆయనకి చప్పట్లు కొట్టారు. ఓడిపోయి చప్పట్లు కొట్టించుకున్న మనిషిని నేను అప్పుడే చూడ్డం.

తర్వాత పిండి వరస. అడ్డాకు గోతిలో కుట్టుపుల్లలు మాత్రం మిగిలాయి, చుట్టూ లావుపాటి వానపాములు. జేబురుమాలు పీలికలు పీలికలై వచ్చింది. చివరికి నా గొయ్యి. మోసెస్ పారతో మట్టి లాగాడు. పావని వంగి, రెండువేళ్ళతో పట్టి పైకి తీసి, నీళ్ళలో ముంచి ఎత్తింది.

కాగితం పూర్తిగా పోయింది. నా పిండి అంత బాగా పనిచేసింది. మిగిలింది పల్చటి పొర. దానిమీద పచ్చటి అరిటాకు బొమ్మ, ఈనెల్తో సహా, పైడయ్య ఇచ్చిన నాటికంటే శుభ్రంగా. ఎండ దాని గుండా పావని ముఖం మీద పచ్చగా పడింది.

"ఇది మా రమణ టిఫిన్స్ ఆకు," అంది. "మీరు తిన్న ఇడ్లీ మీకరిగింది. ఈ ఆకు మట్టికి అరగలేదు. మా నాన్న రోజూ పులిసిన పిండి కూడా పట్టించేడు, అయినా అజీర్తే!"

జనం గొల్లుమన్నారు. నా బేరాలే అందరూ. ఆ నవ్వు మధ్యలో రిటైరైన పోస్టుమాస్టరు లక్ష్మీప్రసాద్ గారు, రోజూ మా హోటల్లో రెండిడ్లీ తినే మనిషి, "అంటే అమ్మా, ఇన్నాళ్ళూ వేడి సాంబారు నేను పోయించుకున్నది దీనిమీదా?" అన్నారు.

"దీనిమీదే తాతగారూ. పోసింది నేనే."

నవ్వు ఆగింది. కళ్ళన్నీ నామీదికొచ్చాయి. నా నోట ఉప్మా లేదు, ఉపమానం లేదు.

"నీళ్ళే పోసి ఉంటే, ఇంకో రెండు నెలలాగితే పోద్దేమో అని అనుమానం ఉండిపోయేది," అంది పావని, ఈసారి మామూలు గొంతుతో. "ఒకే మట్టి, ఒకే పిండి, అదే పక్కన అడ్డాకు కరిగింది. ఇది కరగలేదు. ఆ పిండి మాట మా నాన్నది. అది లేకపోతే నేనింత గట్టిగా చెప్పలేను."

చెప్పి, బకెట్టు మీంచి దిగి, నా పక్కకొచ్చి నిలబడింది. నావైపు చూడలేదు. నిలబడిందంతే.

జనం పల్చబడ్డాక బర్నబా సారు నా దగ్గరికొచ్చాడు. "ఏడాదంతా అరిచినా నా చుట్టూ పదిమంది చేరరు మూర్తిగారూ. పావనికి నేను ఏదైనా నేర్పగలను గానీ, ఆ గొంతు..." అని ఆగిపోయాడు. ఒక్క క్షణం నన్ను అదోలా చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. రెండు నెలలుగా గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తున్నదే. కడుపులో మంట ఠక్కున చల్లారింది. పాపం, మంచివాడే.

పైడయ్య మళ్ళీ వస్తే మిగిలిన కట్టలు ఆయన చేతిలోనే పెట్టి పంపేశాం. ఇప్పుడు మా కంచాల్లో అడ్డాకులు. మోసెస్ వాళ్ళమ్మ శుక్రవారం సంతకి తెచ్చిస్తుంది. సాంబారుకి స్టీలు గిన్నె, పార్సిలుకి ఎవరి డబ్బా వాళ్ళదే. మా ఆవిడ గడప దాటి హోటల్లోనే కూర్చుంటోంది. అడ్డాకుతో చిక్కేమిటంటే, ఎండింది ఎండినట్టు వాడితే పుటుక్కుమంటుంది. నీళ్ళు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి, మెత్తబడ్డాక వెయ్యాలి. ఆ పని ఎవరికి పడింది? అడ్డాకు నాకే అడ్డం పడింది.

జనవరిలో ఒక ఆదివారం. మంచు చూడ్డానికి వచ్చిన టూరిస్టులతో బెంచీలు చాలడం లేదు. ఒకాయన కారు దిగుతూనే నన్ను పక్కకి నెట్టినంత పనిచేసి, "ఇక్కడ ఒక అమ్మాయి భలే మాట్లాడుతుందటగా, ఏదీ?" అన్నాడు.

అమ్మాయి పెనం దగ్గరుంది. నా చోట్లో.

"నాన్నా, బేగి ఆకులు తే!"

నేను వెనక గదిలో ఆకులు తడుపుతున్నాను. బయట పావని గొంతు లేచింది, ఏదో అంది. పెనం మీద అట్టు చుర్రుమన్న చప్పుట్లో అదేమిటో వినపడలేదు. ఆ వెంటనే నవ్వు. ఇన్నేళ్ళ హోటల్లో అలాంటి నవ్వు నేను వినలేదు, గోడమీద గడియారం కదిలింది. తడిచేతుల్తో బయటికి పరిగెత్తాను.

"ఏటంది? ఏటన్నాది?"

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, చెప్పలేనని చెయ్యి ఊపింది. లక్ష్మీప్రసాద్ గారు చెప్పబోయి, మళ్ళీ నవ్వొచ్చి బల్లమీద వాలిపోయారు. కారాయన కూడా అంతే.

"నువ్వయినా సెప్పవే గుంటా, ఏటన్నావు?"

అట్టు తిరగేస్తూ అంది పావని: "ఇందాక నువ్వుండాల్సింది నాన్నా."